వైద్యవిద్య వాకిట మన పిల్లలు
(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, పద్యాలు, నృత్యాల నడుమ ఈ సీట్ల ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. కాని ఎదిగిన పిల్లలున్న మన ఇళ్ళలో భోజనాల వేళ సాగే చర్చ ఇదే గదా! అందుచేత, మేము కొందరం తల్లిదండ్రులం కూడి తెలుసుకున్న సంగతులు మీ ముందుంచుతున్నాము.

డాక్టరు కావాలనుకొనే మన పిల్లల ఎదుట నాలుగు ద్వారాలున్నవి.

మొదటిది మనమున్న ఈ దేశంలోనిది. సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం 1986లో ప్రారంభమైనది. ప్రభుత్వ విద్య ముందుగా ఈ గడ్డ బిడ్డలది, అది న్యాయమే. 2001లో వెలసిన ప్రైవేటు ఒమాన్ మెడికల్ కాలేజి ఇప్పుడు నేషనల్ యూనివర్సిటీలో భాగం. అయితే విదేశంలో చదివి భారతదేశంలో వైద్యం చేయదలిస్తే ముందే నీట్‌లో అర్హత పొంది ఉండాలి. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఆపైన స్వదేశంలో మళ్ళీ పరీక్ష, మరొక ఏడాది ఇంటర్న్‌షిప్.

రెండవది ఎన్.ఆర్.ఐ. కోటా. 2005లో ఇనాందార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు దీనికి 15 శాతం హద్దు పెట్టింది. మన రెండు రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలలో కన్వీనరు కోటా 50, మేనేజిమెంటు 35, ఎన్.ఆర్.ఐ. 15 శాతం చొప్పున పంపకం. పేరుకు ప్రవాసులమే గాని, రియాళ్ళు లెక్కపెట్టుకొని ఊరికి పంపే గుమాస్తాకు ఆ ఫీజు అందని పండు.

మూడవది అఖిల భారత కోటా. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ వంటి సంస్థల సీట్లు దీని క్రిందికి వస్తాయి. మీ పిల్లవాడు మస్కట్‌లో చదివాడా, మచిలీపట్నంలో చదివాడా అని ఇక్కడ అడగరు. నీట్ ర్యాంకునే అడుగుతారు.

నాలుగవది సొంత రాష్ట్రపు ద్వారం. మనం బాగా ఎరిగినదనుకొనేది ఇదే. ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. స్థానికత అంటే తాతగారి పొలం కాదు, ఓటరు జాబితా కాదు. ముఖ్యంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదవడం. తెలంగాణ 2024లో ఈ నియమాన్ని బిగించింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఉమ్మడి రాష్ట్ర కాలం నుండి వచ్చిన మిగిలిన 15 శాతం నియమాలలో, తల్లిదండ్రులలో ఒకరు పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉంటే పిల్లలకు అవకాశమనే అంశం ఉండేది. విభజన తరువాత నియమాలు మారుతూ వచ్చినవి కనుక ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదువుకోవాలి.

దీని భావమేమి? పన్నెండవ తరగతిలో అడగవలసిన ప్రశ్న ఎనిమిదవ తరగతిలోనే అడగాలి. పధ్నాలుగేళ్ళ పిల్లను విజయవాడ హాస్టలుకో, హైదరాబాదులో అమ్మమ్మ ఇంటికో పంపి స్థానికత సంపాదించడమా? కళ్ళ ముందు ఉంచుకొని మిగిలిన మూడు ద్వారాలతో సరిపెట్టుకోవడమా? రెండింటిలోనూ నష్టముంది. ఏది మేలో మేము చెప్పజాలము. తెలియక జరిగేది మాత్రం నిర్ణయం కాదు. ఆ మాట తల్లీ తండ్రీ మాత్రమే గాక పిల్లలూ కూర్చొని అనుకోవాలి. డాక్టరు కావాలన్న కోరిక ఎవరిదో కూడా అప్పుడే తేలుతుంది!

ఇక వెయిటింగ్ లిస్టు మాట. అమెరికాలో ఏ కాలేజి జాబితా ఆ కాలేజిదే. కబురు కోసం ఎదురుచూడాలి. మన దేశంలో నడిచేది రౌండ్ల పద్ధతి. అఖిల భారత కౌన్సెలింగులో మొదటి రౌండు సీటు వదులుకున్నా నష్టం లేదు. రెండవ రౌండులో వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. ఇంకా మంచిది కావాలని కోరి అది వస్తే పాతది దానంతటదే పోతుంది. కనుక కాలేజీల వరుస నిజంగా ఇష్టమైన క్రమంలోనే వ్రాయాలి. ఊరికే నింపిన పేరు మెడకు చుట్టుకోవచ్చు.

మరొక చిన్న సంగతి. అక్కడ సాయంత్రం అయిదంటే మనకు మూడున్నర. మనకు శుక్ర, శనివారాలు సెలవు. అక్కడ ఆదివారం సెలవు. ఎంబసీ ధ్రువపత్రం, బ్యాంకు కాగితం చివరి వారానికి ఉంచుకుంటే మూడు రోజులు చేజారినట్లే. కాగితాలన్నీ మే నెలకు ముందే సిద్ధం చేసుకోవాలి.

కలిసి అడిగితే పని జరుగుతుందనడానికి నిదర్శనముంది. నీట్ కేంద్రం 2022లో మస్కట్‌కు వచ్చింది. 2024 ఆరంభంలో విదేశీ కేంద్రాలు జాబితాలో కనబడక తల్లిదండ్రులు ఆందోళన చెంది అడిగితే, ఆ నెలలోనే తిరిగి చేర్చారు.

అందుచేత మా మనవి ఇది: ఈ దారిన నడిచిన కుటుంబాలు ఏటా ఒకసారి ఎనిమిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులతో కూర్చొనాలి. సీటు వచ్చినవారే గాక రానివారూ రావాలి; వారి అనుభవమే ఎక్కువ పనికివస్తుంది. సీటు రాని బిడ్డ ఏ పండుగకూ మొగం చాటు చేసుకోనక్కరలేని ఇల్లుగా మన సంఘం నిలవాలి.