పంది అవయవంతో పాటు ఇంకేం వస్తుంది?

పోయిన ఎపిసోడ్ తర్వాత, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ ఇళ్ళనుంచి చాలామంది ఒకే ప్రశ్న పంపారు: "పంది కిడ్నీలు పెడుతున్నారట కదా, పంది జబ్బులు కూడా రావా?" ఉత్త భయమని కొట్టిపారేసే ప్రశ్న కాదిది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

2022 జనవరి 7న బాల్టిమోర్‌లో, మేరీల్యాండ్ యూనివర్సిటీ డాక్టర్లు డేవిడ్ బెన్నెట్ అనే 57 ఏళ్ళాయనకి జన్యుమార్పులు చేసిన పంది గుండె అమర్చారు. రెండు నెలలు బతికి, మార్చి 8న చనిపోయారు. ఆ గుండెతో పాటు పోర్సైన్ సైటోమెగలోవైరస్ అనేది కూడా వచ్చిందని తేలింది.

మరి ముందే పందిని పరీక్షించలేదా అంటే, పరీక్షించారు. ముక్కులో స్వాబ్ పెట్టి చూస్తే నెగటివ్ వచ్చింది. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గిపోయినా, ఆ వైరస్ ఒంట్లో ఓ మూల నిద్రపోయి ఏళ్ళ తర్వాత షింగిల్స్‌గా లేస్తుంది చూడండి, ఇదీ ఆ హెర్పిస్ కుటుంబమే. నిద్రపోతున్న వైరస్ స్వాబ్‌కి దొరకదు. రక్తంలో యాంటీబాడీలు వెతికితే గానీ దాని జాడ తెలియదు.

ఇది బెన్నెట్ ఒంట్లోని కణాలకి సోకిందని ఆధారం లేదు. కానీ అమర్చిన అవయవాన్ని దెబ్బతీయగలదు. జర్మనీలో బబూన్ కోతులకి పంది గుండెలు పెట్టినప్పుడు, ఈ వైరస్ ఉన్నవి కొన్ని వారాలకే ఆగిపోయాయి, లేనివి ఆరు నెలల దాకా పనిచేశాయి. బెన్నెట్ విషయంలో మాత్రం డాక్టర్లు దీన్ని ఒక కారణంగానే చెప్పారు. ఆయన అప్పటికే బాగా నీరసించిపోయి ఉన్నారు.

రెండోరకం వైరస్‌లు పంది డీఎన్ఏలోనే రాసిపెట్టి ఉంటాయి. పెర్వ్ అంటారు. పందిని ఎంత శుభ్రమైన చోట పెంచినా ఇవి పోవు. 1997లో లండన్‌లో రాబిన్ వైస్ బృందం, ఇవి ల్యాబ్‌లో మనిషి కణాలకి సోకగలవని చూపించింది. పంది కణాలు, కణజాలం తీసుకున్న రోగుల్లో మాత్రం ఇప్పటిదాకా సోకినట్టు కనబడలేదు. అయినా రిస్క్ ఎందుకని ఈజెనెసిస్ కంపెనీ క్రిస్పర్‌తో వీటిని పనిచేయకుండా చేసింది. 2024 మార్చిలో బోస్టన్‌లో అమర్చిన కిడ్నీలో 69 మార్పులుంటే, అందులో 59 వీటికోసమే. బెన్నెట్ గుండె ఇచ్చిన పందిలో ఆ పని చేయలేదు. అంటే ఇది అవసరమా కాదా అన్నదాంట్లో కంపెనీలదే ఒక మాట కాదు.

ఇంకోవైపు కూడా చూడాలి. మనిషి అవయవంతోనూ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. చనిపోయిన దాతని పరీక్షించడానికి గంటల టైమే ఉంటుంది. పందినైతే నెలల తరబడి పరీక్షించొచ్చు. సరైన పరీక్ష ఎంచుకోవాలి, అంతే.

నాకు బరువుగా అనిపించేది మరొకటి. మామూలు ట్రయల్‌లో ఇష్టం లేకపోతే తప్పుకోవచ్చు. ఇక్కడ కొత్త వైరస్ ఊళ్ళోకి రాకూడదు కాబట్టి జీవితాంతం పరీక్షలు చేయించుకోమంటారు, కిడ్నీ తీసేసినా సరే. రక్తదానం చేయకూడదు. భార్య లేదా భర్త కూడా చేయకూడదు. సంతకం ఒకరిదే, కట్టుబడేది మాత్రం ఇల్లంతా.

అమెరికాలో అవయవాల కోసం లక్షమందికి పైగా ఎదురుచూస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ పంది కిడ్నీల ట్రయల్‌కి అనుమతిచ్చింది కూడా. కాబట్టి వద్దని నేననను. మీ ఇంట్లో ఎవరికైనా ఆ మాట వస్తే మూడు అడగండి: పందికి యాంటీబాడీ పరీక్ష చేశారా? పెర్వ్ సంగతేంటి? మా ఇంట్లోవాళ్ళు ఏమేం ఒప్పుకోవాలి? జవాబులు మీకు అర్థమయ్యే భాషలో చెప్పించుకోండి. కావాలంటే ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, ఆసుపత్రిలో ఆ సాయం ఉచితంగానే ఇస్తారు.

వచ్చేవారం కలుద్దాం. ఉంటానండీ.