వచ్చిన పిల్లా, పంపవలసిన పిల్లా



మా వారు రోటరీ క్లబ్బులో సభ్యులు. 2023లో, వేసవి వెళ్ళిన తరువాత ఒకనాడు కాఫీ గ్లాసు అందుకుంటూ, "డెన్మార్కు నుంచి ఒక అమ్మాయి వస్తోంది. మొదటి నాలుగు నెలలూ మనింట్లోనే వుంటుంది" అన్నారు. అడగటం కాదు సుమండీ, చెప్పటమే! ఆయన క్లబ్బులో "సరే" అనేసి వచ్చారు. వండి పెట్టేదెవరో మీకు నేను వేరే చెప్పాలా?

ఎందుకంటున్నానంటే, 1905లో అమెరికాలోని షికాగోలో పుట్టిన ఆ సంస్థ, ఆడవాళ్ళను కూడా సభ్యులుగా చేర్చుకుందామని ఒప్పుకున్నది 1989లో. ఆ లోపల ఎన్ని దేశాల వాళ్ళు ఎవరెవరి యిళ్ళల్లో భోంచేసి వెళ్ళారో, ఆ వంటలు చేసిన యిల్లాళ్ళ పేర్లు ఎక్కడా రాసి వుండవు. అలా అని ఆడవాళ్ళు ఊరుకోలేదు లెండి. 1924లోనే ఇంగ్లండులోని మాంచెస్టరులో మార్గరెట్ గోల్డింగ్ అనే ఆవిడ పూనుకుని, సభ్యుల భార్యలతో ఇన్నర్ వీల్ క్లబ్బు పెట్టింది.

స్కూలు పిల్లల్ని ఒక దేశం నుంచి యింకో దేశానికి పంపటం 1927లో ఫ్రాన్సులోని నీస్ పట్నపు రోటరీ వారితో మొదలయింది. లయన్స్ క్లబ్బుల వారికీ యిలాంటి యేర్పాట్లున్నాయి. మా యింటికి వచ్చిన పద్ధతి యిదీ: 15 ఏళ్ళ నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలు ఒక చదువుల సంవత్సరం పరాయి దేశంలో, మామూలుగా రెండు మూడు కుటుంబాల్లో వుంటారు. విమానం ఛార్జీ, బీమా కన్నవారివి. చేతిఖర్చు క్లబ్బుది. తిండీ, పడకా మనవి. అందుకు మనకి ఎవరూ పైసా యివ్వరు. ముందుగా క్లబ్బు వాళ్ళు వచ్చి, పిల్ల పడుకునే గదితో సహా చూసి, సవాలక్ష ప్రశ్నలు వేశారు. "పెళ్ళిచూపుల్లో కూడా యిన్ని అడగలేదే!" అన్నారు మా అత్తగారు.

అమ్మాయికి 17 ఏళ్ళు. నీలం కోటు, దాన్నిండా తోటి పిల్లలతో మార్చుకున్న దేశదేశాల బిళ్ళలు. అన్నం పెడితే బుద్ధిగా తినేది. తినగానే నా వంక తిరిగి, భోజనానికి థాంక్స్ చెప్పేది. వాళ్ళ దేశంలో వంట చేసిన వాళ్ళకు అలా చెప్పి లేవటం ఆచారమట. "యింట్లో వాళ్ళకి థాంక్సేమిటమ్మా, తప్పు!" అనేదాన్ని. కంచం తీయబోతే లాక్కునేదాన్ని. కత్తిపీట దగ్గరకు రానిచ్చేదాన్ని కాదు. అతిథి చేత పని చేయిస్తామా, మీరే చెప్పండి?

మూడోవారంలో ఒక రాత్రి అమ్మాయి భోజనానికి రాలేదు. గదిలో దీపం వెయ్యకుండా కూర్చుని వుంది. మా అమ్మాయి వెళ్ళి చాలాసేపు బతిమాలితే సంగతి బయటపడింది. "థాంక్స్ చెప్పొద్దంటారు, పని చెయ్యనివ్వరు. ఆంటీకి నా మీద కోపం ఎందుకో తెలియటం లేదు" అని ఏడ్చిందట. నాకు నోట మాట రాలేదు. నేను మర్యాద అనుకున్నది ఆ పిల్లకి శిక్షలా తోచింది!

మర్నాడు బెండకాయలు ముందు పెట్టాను. వేలెడేసి ముక్కలు తరిగింది. వేపుడు అనుకున్నది కాస్తా పులుసయింది. ఏం మునిగిపోయింది? అమ్మాయిలోనూ లోపాలు లేకపోలేదు. సాయంకాలం అవగానే గది తలుపు వేసుకుని కూర్చునేది. మా అత్తగారికి అది ఎంత కష్టంగా వుండేదో! భోజనాలయ్యాక గంటసేపు హాల్లో అందరితో కూర్చోవాలని ఖచ్చితంగా చెప్పాను. కాస్త ముఖం ముడుచుకున్నా కూర్చుంది. దసరా నాటికి మామ్మగారికి అష్టాచెమ్మా ఆడటానికి జోడీ దొరికింది.

తరువాత యింకో యింటికి మారింది. 2024 మార్చి 3, ఆదివారం, పల్స్ పోలియో. రోటరీ వారు పోలియో పని 1985లో తలకెత్తుకున్నారు. మన దేశంలో ఆఖరి కేసు 2011లో, పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో వచ్చింది. 2014లో మన ప్రాంతమంతటికీ పోలియో లేదని ధ్రువపత్రం కూడా వచ్చింది. పాకిస్తాను, ఆఫ్ఘనిస్తానుల్లో యింకా వుండబట్టి చుక్కలు మానలేదు. మా పేటలోని కేంద్రంలో నర్సమ్మ చుక్కలు వేస్తుంటే, మా డెన్మార్కు పిల్ల పసివాళ్ళ ఎడమచేతి చిటికెనవేలికి సిరా గుర్తు పెడుతోంది. "మీ ఊళ్ళోనూ యివే చుక్కలా?" అని ఒక తల్లి అడిగింది. నేను చెప్పేలోగా తనే, "చుక్క లేదు. సూది" అంది, తెలుగులో! "అయ్యో పాపం, సూదా!" అని ఆవిడ నొచ్చుకుంది. అక్కడున్న ఆడవాళ్ళమంతా నవ్వు ఆపుకోలేకపోయాం. ఆ పిల్ల కూడాను.

వాళ్ళమ్మగారితో ఫోనులో నాలుగైదుసార్లు మాట్లాడాను. నాది పదో తరగతి యింగ్లీషు. ఆవిడదీ తడుముకునే యింగ్లీషే. సరిగా తింటోందా, రాత్రి ఎన్నింటికి పడుకుంటోంది, యివే ప్రశ్నలు! వెళ్ళేముందు ఆవిడ, "మీ అమ్మాయిని మా యింటికి పంపండి" అంది. "అలాగే" అనేశాను. అనటం తేలికే.

యిప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఏడాది పంపితే చదువు వెనకబడుతుంది. కనుక సెలవుల్లో కొన్ని వారాలు ఒకరింట్లో ఒకరు వుండే పద్ధతి చూస్తున్నాం. మా అత్తగారు, "అక్కడ పంది మాంసం లేని పూట వుండదటగా!" అన్నారు. ఆవిడ అలా అన్నారు గాని, నా భయాలు యింకా పెద్దవి. పిల్లలకి నాలుగు 'డి'లు నిషేధం: డ్రైవింగు, డ్రింకింగు, డ్రగ్సు, డేటింగు. అది చదివి కొంత, యిల్లు తనిఖీ చేస్తారని తెలిసి మరికొంత ధైర్యం తెచ్చుకున్నాను. పూర్తిగా మాత్రం కాదు. ఆ తల్లికి మాత్రం భయం లేకనా, ముక్కూ మొగమూ తెలియని నా చేతుల్లో పిల్లను పెట్టింది? వాళ్ళ పిల్లల్ని రమ్మని, మన పిల్లల్ని పంపమంటే ఎలాగండీ?

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాం. పులిహోర కలపటం, తన కంచం తను కడుక్కోవటం నేర్పుతున్నాను. భోజనమయ్యాక చెప్పే ఆ మాటను డేనిష్ భాషలోనే నేర్చుకుని, అలవాటు కోసమని రోజూ రాత్రి మా యింట్లోనే చెబుతోంది. మొన్న మా వారు మజ్జిగన్నం ముగించి, "అయితే నేనూ చెప్పాలా?" అన్నారు.

"చెప్పండి" అన్నాను.