వినుట వేరు, గ్రహించుట వేరు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పంచాయతీ సభ్యులారా!

చెవి శబ్దమును చేర్చును. మనస్సు దానికి అర్థము కూర్చును. వీనిలో ఏది కుంటుపడినను బాలుడు బడిలో పలుకక కూర్చుండును. అట్టి వానిని మందమతి యనుట తగదు.

ఇంట గోండీ, కోలామీ మాటలే విన్న బిడ్డకు బడిభాష తొలుత వట్టి చప్పుడే. అందులకే 1943లో హైమెన్‌డార్ఫ్ పూనికతో, నాటి ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైనది. గోండీ వాచకములు వెలువడినవి.

లోపము చెవిలోనే యున్నచో వైద్యము కావలెను. ఆరు నెలలు నిండిన శిశువు పిలుపునకు తల త్రిప్పనిచో జాప్యము వలదు. మాటలు నేర్చు వయస్సు మరలిరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు పరీక్షలు ఉచితము.

ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచరుతో కలిసి అట్టి పిల్లలను గుర్తింపుడని మేము మనవి చేయుచున్నాము.