విదేశయాన ప్రవేశానుమతి – మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



సంస్కృత వ్యాకరణము చెప్పుకొని కాలము గడపిన మమ్ము, ఈ మహాసభయందు వీసాను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఇది మా విషయము కాదని తప్పించుకొనజూచితిమి. కాని నేడు మనవారిలో ఏ యింటి అరుగుపై కూర్చుండినను వినబడు మాట ఇదియే. పైగా ఈ విషయమున మేము చేసిన తప్పు ఒకటి కలదు. దానిని మనవారి సభలో చెప్పుకొనక మఱెక్కడ చెప్పుకొందుము?

ముందుగా ఒక పూర్వవృత్తాంతము. 1888వ సంవత్సరమున మోహనదాసు గాంధి న్యాయశాస్త్రము చదువుటకై ఇంగ్లండునకు బయలుదేరగా, బొంబాయిలో ఆయన కులమువారైన మోఢ్ బనియాలు సభ చేసి, సముద్రయానము ధర్మవిరుద్ధమని వారించిరి. పద్దెనిమిదేండ్ల ఆ బాలుడు వినలేదు. కులపెద్ద ఆయనను వెలివేసి, ఆయనకు సాయపడినవారికిని, రేవునకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాల దండుగ విధించెను. నాడు ఇంగ్లండు రేవున దిగుటకు ఆయనకు వీసా అక్కఱలేదు, అడ్డుపడినది కులము. నేడు కులము పూలమాల వేసి పంపుచున్నది, అడ్డుపడునది పత్రము.

ఈ పత్రము మన శాస్త్రములకు కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారిని పేర్కొనెను. ఒక మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చుట ఆతని పని. ముద్ర కలవాడే జనపదమును ప్రవేశింపవలెను, వెడలవలెను. ముద్ర లేని దేశీయునకు 12 పణముల దండుగ. దొంగముద్ర చూపినవానికి పూర్వసాహసదండము. పరదేశి అట్లు చేసినచో ఉత్తమసాహసదండము. ముద్ర లేకుండుట చిన్న దోషము, దొంగముద్ర పెద్ద దోషము అను ఈ తారతమ్యమును సభ్యులు మనస్సున నుంచుకొనవలెనని మా ప్రార్థన.

పాస్‌పోర్టు వేఱు, వీసా వేఱు. పాస్‌పోర్టు మన దేశము మనకిచ్చునది. 1967 ఏప్రిలులో మన సర్వోన్నత న్యాయస్థానము విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములోని భాగమని తీర్పు చెప్పగా, ఆ యేడే పాస్‌పోర్టు చట్టము వచ్చినది. వీసా పరదేశమువారు ఇచ్చునది. అది మనకు హక్కు కాదు. ఒకరి యింటి గడపలో నిలిచి లోనికి రావచ్చునా యని అడుగుట వంటిది. వీసా యను లాటిను మాటకు ‘చూడబడినది’ యని అర్థము. దాని ధాతువును, వేదశబ్దమునకు మూలమైన మన ‘విద్’ ధాతువును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున పత్రమున చూడబడునదియు, మనకు తెలిసినదియు ఒకటి కావలెననుట ఆ మాటలోనే యున్నదని మేము తలంతుము.

మన పిల్లలలో పెక్కుమంది కోరునది అమెరికా విద్యార్థి వీసా. హైదరాబాదున ఆ దేశపు కాన్సలేటు 2008లో వెలసినది. 2023లో నానక్‌రాంగూడలోని నూతన భవనమునకు మాఱినది. విద్యార్థి మొదట అచ్చటి విద్యాలయమునుండి ఐ-20 అను పత్రము పొందవలెను. సెవిస్ రుసుము 350 డాలర్లు చెల్లింపవలెను. డి.ఎస్.-160 అను దరఖాస్తు పూర్తిచేయవలెను. దానికి వేఱుగా రుసుము కలదు. అది 2023 జూనులో 160 నుండి 185 డాలర్లకు పెరిగినది. వీసా రాకున్నను ఆ దరఖాస్తు రుసుము తిరిగిరాదు. వ్రేలిముద్రలైన పిదప గవాక్షము ముందు నిలిచి అధికారి ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. నెలల ప్రయాస కొలది నిమిషములలో తేలిపోవును.

ఆ నిమిషములలో జరుగునదేమి? 1952 నాటి వారి చట్టమున 214(బి) అను విభాగము కలదు. దాని ప్రకారము, వచ్చినవాడు అచ్చటనే స్థిరపడగోరువాడని అధికారి ముందుగా తలంపవలెను. కాదని నిరూపించు భారము అర్థిదే. తర్కశాస్త్రము చదివినవారికి ఇది సులభముగా బోధపడును: ప్రమాణము చూపవలసినవాడు వాది. ఈ విభాగము క్రింద నిరాకరించినచో అది శాశ్వతము కాదు. పరిస్థితి మాఱినప్పుడు మరల అడుగవచ్చును. కాని అసత్యము చెప్పి అనుమతి బడయజూచెనని నిర్ణయమైనచో, ప్రత్యేక మినహాయింపు దొరికిననే తప్ప, జీవితాంతము ఆ గడప తొక్కరాదు. కౌటిల్యుని తారతమ్యమే ఇచ్చటను కనబడుచున్నది.

ఇక మా తప్పు. కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో ఒక బాలుడు పరదేశమున చదువగోరెను. మాకు వరుసకు మేనల్లుడు. చుట్టఱికము దూరమైనను మా చేతిక్రింద చదివినవాడు. బ్యాంకిలో సొమ్ము చూపవలెనని మధ్యవర్తి యొకడు చెప్పగా, తండ్రి మా యొద్దకు వచ్చి, “మాస్టారూ, మూడు నెలలు చాలును, పైసా ఖర్చు కాదు” అని చేతులు పట్టుకొనెను. మా పదవీ విరమణపు సొమ్ము చూపుటకు ఒప్పుకొంటిమి. మేము బాలుని పినతండ్రిమనియు, వాని చదువు భారము మాదేయనియు మధ్యవర్తి ఆంగ్లమున ఒక ఉత్తరము వ్రాసి తెచ్చెను. చదివితిమి. అబద్ధమని తెలిసియే సంతకము చేసితిమి.

గవాక్షము కడ అధికారి ఆ ఉత్తరమును చూచి ఒక్క ప్రశ్న అడిగెనట: “ఈయన నీ తండ్రి తమ్ముడైనచో ఇంటిపేరు వేఱేల?” ముప్పదియేండ్లు విభక్తి ప్రత్యయములు దిద్దిన మాకు ఆ చిన్న పొరపాటు కానరాలేదు. బాలుడు మౌనము వహించెను. వీసా నిరాకరింపబడినది. శాశ్వత నిషేధము తగులలేదు, అది దైవకృప. మా సొమ్ము మా ఖాతాలోనికి వచ్చినది. వాడు మాత్రము మరల దరఖాస్తు చేయలేదు. నేటికిని మమ్ము చూచిన వీధిలో ఆగి, “మామయ్యగారూ” యని నమస్కరించును. వాడు నిందించియున్నచో మాకు సులభముగా నుండెడిది.

వాని తండ్రికి కొంత పొలము కలదు. ఉన్నదున్నట్లు చూపి బ్యాంకిలో విద్యాఋణము తీసికొన్నచో ఆ చదువునకు చాలియుండెడిదేమో. మేము సాయపడితిమని తలంచితిమి. వాని నిజమునే వాని చేతిలోనుండి లాగుకొంటిమి. ఇట్టి మధ్యవర్తుల మాటకు కట్టుబడుటవలన కలుగు అనర్థమునకు హద్దు లేదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విద్యాలయము మూతపడినప్పుడు, 2019లో మిచిగానున ఫార్మింగ్‌టన్ అను పేర ఆ ప్రభుత్వమువారే పన్నిన ఉచ్చు బయటపడినప్పుడు, కష్టములపాలైనవారిలో తెలుగు బిడ్డలు పెక్కుమంది.

పేర్లను గూర్చి ఒక్కమాట. మన యిండ్లలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. బడి ధ్రువపత్రమున ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా మిగులును. పాస్‌పోర్టున ఇంటిపేరు గడి ఖాళీగా విడిచినచో, అమెరికా వీసాపై పేరుండవలసినచోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని, అనగా పేరు తెలియదని, అచ్చగును. తల్లిదండ్రులు పెట్టిన పేరుండగా పేరు తెలియనివాడగుట ఎంత విచారకరము! పుట్టినతేదీ సంగతియు ఇట్టిదే. తండ్రులు తేదీ చెప్పలేనప్పుడు జూన్ 1 అని వ్రాసిన ఉపాధ్యాయులలో మేమును ఒకరము. కావున బిడ్డను బడిలో చేర్చునాడే పేరును తేదీని జననపత్రముతో సరిచూడుడు.

పోషక మహాశయులకు మా విన్నపములు మూడు. ఒకటి, చూపుటకై సొమ్ము ఎవరికిని ఈయకుడు; ఇచ్చినచో నిజముగా, పత్రము వ్రాసికొని, చదువునకే యిండు. రెండు, సంఘ కార్యాలయమున వారమునకొకదినము దరఖాస్తులను ఉచితముగా చదివి సరిచూచు ఏర్పాటు చేయుడు. ఆ పనికి మేము సిద్ధముగా నున్నాము. మూడు, వీసా రాని బాలుని చిన్నచూపు చూడకుడు. వీసా వచ్చినవానికి కట్నము పెంచకుడు. గవాక్షము కడ తేలినది వాని యోగ్యత కాదు.

నాడు గాంధిని సాగనంపినవారికి రూపాయి నాలుగణాలు దండుగ. ఆ దండుగను నేడు మనము చందాగా మార్చుకొని, ప్రతి కుటుంబమును తన శక్తికొలది విద్యానిధికి చెల్లించుగాక. మా వంతు ఈ సభ ముగియకముందే కోశాధికారిగారికి అందజేయుదుము. అది ఉదారత కాదు, ఋణము.