రిచర్డ్సు దంపతుల కొండ సెలవులు

(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో కావింపబడిన ప్రసంగ పాఠము)



సెలవు అనగానే దూరప్రాంతమున కొలువున్న తెలుగువాని మనస్సున మొదట మెదలునది రైలు పెట్టె. ఆపైన పెండ్లియో, పుష్కరమో, తిరుపతి మొక్కుబడియో. పరుపుచుట్ట, మంచినీళ్ళ చెంబు, పులిహోర పొట్లము, కిటికీ కొరకు పిల్లల తగవు: ఇది సెలవునకు ప్రథమ సర్గ. సెలవు ముగిసి మరల ఫైళ్ళ ముందు కూర్చున్ననాడు భర్త, ఈసారి బాగుగనే గడచినదని అనుకొనును. ఇల్లాలు మాత్రము అచ్చట వండినదానిని, ఇచ్చట ఉదుకవలసినదానిని లెక్క వేసికొనును. భార్యాభర్తలు ఇరువురికిని సమానముగ సెలవైన సెలవు అరుదు.

అట్టి సెలవులను ఏండ్ల తరబడి కొండలపై గడపిన ఆంగ్ల దంపతుల కథ నేటి ప్రసంగ విషయము.

ఆంగ్ల సాహిత్యమును పరీక్షకు చదివినవారికి ఐ.ఎ. రిచర్డ్సు పేరు క్రొత్త కాదు. కొందరికి ఆ పేరు వినగానే పరీక్షనాటి భయము కూడ గుర్తునకు రావచ్చును. 1923లో సి.కె. ఆగ్డెన్‌తో కలిసి ‘ది మీనింగ్ ఆఫ్ మీనింగ్’, 1924లో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ లిటరరీ క్రిటిసిజమ్’, 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ వెలువరించినవాడు ఆయనయే. కవి పేరు దాచి, పద్యమును మాత్రము విద్యార్థుల చేతికిచ్చి, వారికి తోచినదెల్ల వ్రాయించి, ఆ వ్రాతలనే పరిశీలనకు విషయముగ గైకొనిన కేంబ్రిడ్జి అధ్యాపకుడు. ఆయన మాటలను ధ్వని సిద్ధాంతముతో పోల్చి చూచిన విమర్శకులు ఈ దేశమున పలువురు కలరు. అయితే ఈ విమర్శకుడు అధ్యాపకుడగుట యాదృచ్ఛికమను సంగతి ఆయన గ్రంథములను వల్లించిన వారిలో చాలమందికి తెలియదు.

రిచర్డ్సు 1893లో చెషైరులోని శాండ్‌బాచ్ అను ఊర జన్మించెను. యౌవనమున క్షయరోగము పట్టుకొనెను. ఆ రోజులలో క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, దైవము, ఇంతియే. రొమ్ము బలహీనమైన ఆ యువకుడు వేల్సు దేశపు కొండలు పట్టెను. మంచముపై నుండవలసినవాడు రాతిగోడల నెక్కసాగెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, స్కాట్లండు పడమటి తీరమునగల స్కై ద్వీపమున పర్వతారోహకులకు దారి చూపువాడుగా స్థిరపడవలెనని నిశ్చయించుకొనెను. అచ్చటి భూస్వాములకు పరిచయ లేఖలు కావలసివచ్చి, 1919లో మాన్స్‌ఫీల్డు ఫోర్బ్సు అను కేంబ్రిడ్జి అధ్యాపకుని కడకు పోయెను. ఇరువురును మాటలలో పడిరి. లేఖలకై వచ్చినవానిని ఫోర్బ్సు సాహిత్యోపన్యాసములు చేయుటకు కుదిర్చి పంపెను! నాడు ఆ లేఖలు ముందుగ వ్రాయబడియుండినచో, ఎందరు విద్యార్థుల రాత్రులు సుఖనిద్రలో గడచియుండెడివో.

ఇక ఇల్లాలి సంగతి. డొరతి పిల్లీ 1894లో లండను నగరమున జన్మించెను. యుద్ధకాలమున వేల్సులోని బెడ్‌గెలెర్టు ప్రాంతమున మొదటిసారి రాతిపై చేయి వేసెను. ఆ రుచి మరి వదలలేదు. తండ్రికి ఇది గిట్టలేదు. ఆడుపిల్ల కొండలకు పోవుట యొకటి, పరపురుషులతో ఒకే మోకునకు కట్టుబడి పోవుట మరియొకటి. ఆ కాలపు స్త్రీలు కొండపాదము వరకు పొడుగు పావడాతో పోయి, అచ్చట దానిని విప్పి మూటకట్టి రాళ్ళ చాటున దాచి, లోపల తొడిగిన చల్లడముతో ఎక్కి, దిగివచ్చి మరల పావడా కట్టుకొని ఊరిలో ప్రవేశించెడివారు. కొండకు అభ్యంతరము లేదు, ఊరికే అభ్యంతరము.

1917 ప్రాంతమున డొరతికిని రిచర్డ్సునకును వేల్సు కొండలలో పరిచయమయ్యెను. 1918లో ఇడ్వాల్ పలకరాళ్ళ పైనున్న ‘హాలీ ట్రీ’ గోడను తొలిసారి ఎక్కిన ముగ్గురిలో వీరిరువురును ఉండిరి. మూడవవాడు సి.ఎఫ్. హాలండు.

ఈ విద్యలోని మర్మము కొంత తెలిసిననే గాని ఆ స్నేహపు స్వభావము తెలియదు. తాటిచెట్టు నెక్కు గీతవాడు తన నడుమును, మ్రానును కలిపి మోకు వేసికొనును. కాలు జారినను మోకు చెట్టును కరచి పట్టును. శిలారోహకుల మోకు అట్టిది కాదు. అది మనుష్యుని మనుష్యునకు కట్టు మోకు. ముందువాడు ఎక్కుచుండగా వెనుకవాడు ఏదేని రాతిమొనకు దానిని చుట్టి పట్టి నిలుచును. వెనుకవాడు జారినచో పైవాడు పట్టి ఆపగలడు. ముందువాడే జారినచో, ఇరువది అడుగులు పైకెక్కినవాడు నలుబది అడుగులు పడితీరవలసినదే. నైలాను త్రాళ్ళు రాకపూర్వపు నార మోకు ఆ విసురునకు తెగుటయు కలదు. కావున ముందువాడు జారరాదు. ఆనాటి శాసనము అంతియే. ఆ స్థానము సాధారణముగ పురుషునిదే. స్త్రీ ఎంతటి నేర్పరియైనను, వెనుక కట్టబడి, పైకి చేరిన పిమ్మట పొగడ్తలు పొందునది.

ఈ పద్ధతి డొరతికి నచ్చలేదు. 1921లో స్త్రీల కొరకు స్త్రీలే నడపుకొను ‘పినకిల్ క్లబ్బు’ను స్థాపించినవారిలో ఆమె యొకతె. అచ్చట ముందు నడచునదియు స్త్రీయే, వెనుక మోకు పట్టునదియు స్త్రీయే. ఆడుపిల్లకేల ఈ కొండలు అను ప్రశ్న ఏ ఒక్క దేశపు సొత్తును కాదు. భువనగిరి గుండుపై తొలి పాఠములు నేర్చి, 2014లో పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమున నిలిచిన మాలావత్ పూర్ణ నాటికిని ఆ ప్రశ్న పూర్తిగ సద్దుమణగలేదు.

రిచర్డ్సు పెండ్లాడగోరెను. డొరతి తటపటాయించెను. ఆయనపై ప్రేమ లేక కాదు. పెండ్లియైన స్త్రీకి మోకులో ఏ స్థానము మిగులునో ఆమె కండ్లార చూచియుండెను. 1925లో ఆమె సముద్రము దాటి కెనడాకు పోయెను. మరుసటి యేడు రిచర్డ్సు అచ్చటికే పోయెను. ఆ వేసవి ఇరువురును ఆ దేశపు పర్వతములలో గడపిరి. ఆల్ప్సులోవలె అడుగడుగున బసలు లేని ఆ సీమలలో, గుడారములు, పిండి, పప్పులు గుఱ్ఱములపై వేసికొని, వాగు ప్రక్క దిగి, కట్టెలేరి, వాన కురిసిన తడి కట్టెతో పొయ్యి వెలిగించి బ్రతుకవలెను. భావి భర్తను పరీక్షించుటకు జాతకముకన్న తడి కట్టె మేలని ఏ గృహిణియైనను ఒప్పుకొనును. 1926 డిసెంబరు 31వ తేదీన హొనలూలు నగరమున వారి వివాహము జరిగెను.

పెండ్లియైన రెండవ వేసవిలో వారి జీవితములోని గొప్ప ఆరోహణము జరిగెను. స్విట్జర్లండు దక్షిణ భాగమున దాఁబ్లాంష్ అను శిఖరము కలదు. తెల్లని దంతమని యర్థము. ఎత్తు 4,357 మీటర్లు. దానికి నాలుగు దిక్కుల నాలుగు వెన్నులు. 1862లోనే మనుష్యుడు శిఖరము చేరెను. తూర్పు వెన్నును 1882లో నలుగురు ఎక్కిరి. వారిలో ఒక దారిచూపరి, ఇట్టి తావునకు వచ్చిన మనము నాలుగు గాడిదలమని అనెనట! ఆ వెన్నునకు నాలుగు గాడిదల వెన్ను అను పేరే స్థిరపడినది. పడమటి వెన్నుపై 1899లో ఓ.జి. జోన్సు అను ప్రసిద్ధ శిలారోహకుడును, మువ్వురు దారిచూపరులును ఒకేమారు పడి మరణించిరి. ఉత్తరపు వెన్ను మాత్రము 1928 వరకు ఎవరికిని లొంగలేదు. దాని నడుమ ఒకచోట వెన్ను తెగి నిట్టనిలువు గోడగా లేచును. గోడపై మంచు, రాతిలో పట్టు తక్కువ. రిచర్డ్సు మనస్సున ఆ గోడ ఏండ్ల తరబడి తిష్ఠ వేసికొనియుండెను.

1928 జూలై 20వ తేదీన దంపతులు, ఎరాన్ లోయ వాస్తవ్యులగు జోసెఫ్ జార్జి, ఆంట్వాన్ జార్జి అను దారిచూపరులతో, బ్రికోలా యను పశువుల కాపరుల రాతి కుటీరముల నుండి బయలుదేరిరి. నలుగురికిని కలిపి మోకు. గోడ కడకు వచ్చిన పిమ్మట ముందెక్కినవాడు జోసెఫ్. ఒకరు ఎక్కుచుండగా తక్కినవారు అడుగు మోపుటకు చాలీచాలని తావున కదలక నిలిచి, మోకును అంగుళమంగుళముగ వదలుచుండవలెను. ఎక్కువానికి చేతులకు పని కలదు, భయమునకు తీరిక లేదు. వేచియున్నవారికి చలియు, తీరికయు రెండును పుష్కలము. పైవాడు జారినచో నలుగురి గతియు ఒక్కటియే. జోసెఫ్ జారలేదు. నలుగురును గోడ గడచి, శిఖరము చేరి, క్షేమముగ దిగివచ్చిరి.

ఈ ఆరోహణమును చరిత్ర రిచర్డ్సు దంపతుల పేరిట చెప్పును. కడు కష్టమైన ఆ కొన్ని గజములు ఎక్కినవాడు మాత్రము లోయలోని రైతు బిడ్డ. 1935లో ‘క్లైంబింగ్ డేస్’ అను గ్రంథమును వ్రాసినప్పుడు డొరతి ఈ సంగతిని దాచలేదు. జోసెఫ్ నేర్పును మనసార పొగడెను. ఆ గ్రంథమును పుట్టింటి పేరుతోనే ప్రకటించుట ఆమె స్వభావమునకు తగియున్నది. భర్త గ్రంథములు తరగతి గదులలో బ్రతికియున్నవి. భార్య గ్రంథము కొండలెక్కువారి మూటలలో బ్రతికియున్నది. 2016లో రిచర్డ్సు వంశీకుడొకడు ఆ గ్రంథమును చేతబట్టి, ఆ దారులనే తిరిగి, అదే పేరుతో మరియొక పుస్తకమును వ్రాసెను.

తరువాతి యేండ్లలో చైనా, అమెరికా మొదలగు దేశములలో ఉద్యోగము, అచ్చటచ్చటి కొండలలో సెలవులు. దంపతులలో ఎవరు వంట చేసిరో, ఎవరు గిన్నెలు తోమిరో చరిత్రకారులు చెప్పరు. ఈ సభలోని సోదరీమణులకు ముందుగ కావలసిన సంగతి అదియే కావచ్చును.

1958లో కారు ప్రమాదమున డొరతి తుంటియెముక విరిగెను. ఆమెకు అప్పటికి అరువదినాలుగేండ్లు. కఠిన శిలల నెక్కుట అంతటితో ముగిసెను. రిచర్డ్సు వార్ధక్యమున కవిత్వము వ్రాయుచుండెను. ఆసుపత్రి మంచముపై నున్న భార్యకు ఒక పద్యమును వ్రాసి యిచ్చెను. దాని పేరు ‘హోప్’, అనగా ఆశ. క్షయ వెంటాడిన యౌవనమున, 1915లో, రిచర్డ్సు తొలిసారి ఎక్కినవారిలో ఒకడైన ఇడ్వాల్ పలకరాళ్ళ దారి పేరును అదియే. పద్యములో ఆసుపత్రి ఓదార్పులు లేవు. ఎపికూన్ కొండపై చీకటి ముంచుకొనిరాగా, గుడారము లేక, మంచుపై ఒక అరుగున ఇరువురును తెల్లవార్లు గడపిన రాత్రి కలదు. తెల్లవారుచుండగా చలికి కొయ్యబారి, ఆవులించుచు, ఆ రాత్రినే మెచ్చుకొనిన భార్య కలదు. విమర్శకుడైన భర్త మంచమున పడిన భార్యకు ఆమె మాటనే ఆమెకు గుర్తుచేసెను. తన మాట చెప్పలేదు.

రిచర్డ్సు 1979లో చైనా పర్యటనలో జబ్బుపడి, కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, ఆ యేటనే మరణించెను. డొరతి 1986 వరకు జీవించెను. తొంబదియొకటవ యేట కూడ, క్రొత్త సంవత్సరాది రాత్రిని, స్కై ద్వీపమున గ్లెన్ బ్రిటిల్ అను చోట పర్వతారోహకుల కుటీరములో, తనకన్న అరువదేండ్లు చిన్నవారైన పిల్లల నడుమ కబుర్లు చెప్పుచు గడపెనట. 1919లో దారిచూపరిగా స్థిరపడుటకు రిచర్డ్సు పరిచయ లేఖలు కోరినది ఆ ద్వీపమునకే.