విద్యార్థుల స్వయంపాకము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు ఇంతకుముందే పలికియున్నారు. కార్యదర్శిగారు నాకు “విద్యార్థుల అభ్యున్నతి” యను విషయమును నిర్ణయించిరి. అంత విశాలమైన దానిని మోయు శక్తి నాకు లేదు గాన, అందులో ఒక మూలనున్న పొయ్యిని గూర్చి మాత్రము మాటాడుటకు అనుజ్ఞ వేడుచున్నాను. చేతనున్న కొద్ది డబ్బుతో విద్యార్థి తన వంట తాను చేసికొని, పూటకొక రుచిగా, కడుపునిండ తినుట యెట్లు? ఇది మహాసభలో చెప్పదగిన సంగతియా యని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని వినుడు.

మన పెద్దలు చదువు మాట తలపెట్టినప్పుడెల్ల మొదట అన్నము మాట తలపెట్టిరి. వారములు చేసికొని, అనగా ఏడు దినములు ఏడిండ్ల భుజించి చదువుకొన్నవారు మన తాతల కాలమున ఎందరో కలరు. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి బాల్యముననే పితృవియోగము కలుగగా, ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి సంసారము నీడ్చెను. ఆ పొయ్యి వెలుగకున్నచో ఆ చదువు సాగెడిది కాదు. నేడు వారములు లేవు, పూటకూళ్ళిండ్లు మెస్సులైనవి. వసతిగృహమున చోటు దొరకినవారు అదృష్టవంతులు. దొరకనివారు హైదరాబాదున అశోక్‌నగరు, చిక్కడపల్లి, విద్యానగరు సందులలో గదికి నలుగురు చొప్పున ఉన్నారు. విజయవాడ, తిరుపతి, విశాఖపట్టణములలోను ఇట్లే యున్నారు. నగరమున 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనము ఎందరినో మధ్యాహ్నమున ఆదుకొన్నది. కాని రాత్రి మాట యేమి?

నా యనుభవము చెప్పెదను. 1986లో నేను శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి విద్యానగరులో ఒక గదిలో చేరితిని. మేము నలుగురము. ఒకడు పాలమూరువాడు, ఒకడు అనంతపురమువాడు. నాలుగవవానిది ఒక మెట్టగ్రామము. గదిలో ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక సత్తుగిన్నె, ఊరినుండి తెచ్చిన బియ్యపుమూట, ఆవకాయ జాడీ. వంట ఆడవారి పని యని మా నలుగురి నమ్మకము గనుక, మేము చేసినది వంట కాదు; అన్నము ఉడికించుకొనుట మాత్రమే. ఎవరి గిన్నె వారిది, ఎవరి జాడీ వారిది. మూడు నెలలు అన్నము, ఆవకాయ. మరల అన్నము, ఆవకాయ. విసుగు పుట్టినప్పుడు హోటలునకు పోయి, ఒక్క సాయంకాలమున నాలుగు దినముల సొమ్ము చెల్లించి వచ్చెడివారము.

నాలుగవవాడు మాత్రము హోటలునకు రాడు. రాత్రి గిన్నె పెట్టునప్పుడు “నాకు ఆకలి లేదు, మీరు కానిండు” అనెడివాడు. మేము నమ్మితిమి. నమ్ముట మాకు సుఖముగా నుండెను. ఒకనాటి తెల్లవారుజామున కుళాయి కడ నీళ్ళు పట్టుచు అతడు పడిపోయెను. ఆసుపత్రిలో వైద్యుడు కనురెప్ప క్రిందికి లాగి చూచి, రక్తము లేదనియు, మందుకంటె ముందు తిండి కావలెననియు చెప్పెను. అతడు పూటకు ఒక్కసారియే తిని, మిగిలిన డబ్బు ఇంటికి పంపుచున్నాడని ఆనాడు మాకు తెలిసెను. ఈ సంగతి ఆయన యనుమతితోనే చెప్పుచున్నాను. పేరు మాత్రము చెప్పను.

ఆ మరునాడు మేము నాలుగు గిన్నెలను ఒక గిన్నెగా చేసితిమి. నెల మొదటి తేదీన అందరము తలకింత చొప్పున ఒక డబ్బాలో వేసి, ముందుగా బియ్యము, కందిపప్పు, పెసలు, వేరుశనగలు, నూనె, చింతపండు, ఉప్పు, మిరపకాయలు కొనెడివారము. మిగిలినది ఆకుకూరకును మజ్జిగకును. పప్పు కొన్న పిమ్మటనే సినిమా. ఈ ఒక్క నియమము మమ్ము కాపాడినది.

రుచుల మాట చెప్పవలెనన్న, అవి మా మూడు జిల్లాలనుండి వచ్చినవి. పాలమూరువాడు పచ్చిపులుసు చేసెడివాడు. చింతపండు రసములో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాసింత బెల్లము, ఉప్పు, పైని తాలింపు. కిరసనాయిలు ఖర్చు దాదాపు లేదు. అనంతపురమువాడు బొరుగులు నీట ముంచి పిండి, పోపులో కలిపి, పుట్నాలపొడి చల్లి ఉగ్గాని చేసెడివాడు. ఇది పది నిమిషముల పని. ఉదయమున పరీక్షకు పోవువానికి ఇంతకుమించిన ఫలహారము లేదు. వేయించిన వేరుశనగలతో అతడు నూరిన ఊరుబిండి ముందు మా ఆవకాయ చిన్నబోయెను. నేను చోడి అంబలి కాచితిని. “ఇవి చోళ్ళేమి, రాగులు కదా!” అని అనంతపురమువాడు, “రెండును కావు, తైదలు” అని పాలమూరువాడు. ఆ వాదము రెండు సంవత్సరములు సాగెను గాని, అంబలి ఏనాడును మిగులలేదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము, అనగా కాల్షియము కలదు. అంతే తూకము పాలలో నున్నదానికి ఇది రెండింతలకు మించినది. పాలు కొనలేని విద్యార్థికి ఇది చిన్న సంగతి కాదు.

పప్పు ఒక్కటియే యైనను ప్రతిదినము ఒక్కటే కానక్కరలేదు. నేడు తోటకూర, రేపు గోంగూర, ఎల్లుండి దోసకాయ. వేసవిలో మామిడికాయ, వానకాలమున బచ్చలి. అదే పప్పును పలుచన చేసి చింతపండు పోసినచో పప్పుచారు. పప్పు నిండుకొన్ననాడు మజ్జిగపులుసు. అన్నము మిగిలినచో నిమ్మకాయ పిండి పులిహోర. లేదా రాత్రియే మజ్జిగ కలిపి తోడుపెట్టి, ఉదయమున ఉల్లిపాయతో చద్దన్నము. ఇచట ఒక హెచ్చరిక. వండిన అన్నమును వేసవి రాత్రి ఊరక బయటనుంచి, మరునాడు వేయించి తినుట ప్రమాదము. ఉడికినను చావని సూక్ష్మక్రిముల బీజములు కొన్ని అందు మొలకెత్తి విషము పుట్టించును; వేయించినంతమాత్రమున ఆ విషము పోదు. మిగులునట్లు తోచినచో పూటకు చాలినంతయే వండుకొనుట మేలు.

ఇక శాస్త్రము. మా గదినుండి నడచి పోదగినంత దూరమున, ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కన, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధించుటకు ఒక్క గదిలో ఆరంభించిన పని పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో ఆ పేరు పొందినది. బెరిబెరి యనునది మన ఉత్తర సర్కారు జిల్లాలను పీడించిన వ్యాధియే. బాగుగా పాలిషు పట్టిన పచ్చిబియ్యము, పదేపదే కడుగుట, గంజి వార్చిపోయుట, ఈ మూటివలన బి విటమిను పోయి అది కలిగెడిది. ఆ సంస్థ పొరుగుననే యుండి మేము దినదినము గంజిని కాలువలో పోసితిమి! అత్తెసరు పెట్టుకొన్నచో విటమినును దక్కును, ఇంధనమును దక్కును. ఇది మా అమ్మమ్మకు తెలియును, నాకు తెలియలేదు.

అరువది కిలోల బరువు గల యువకునికి దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెనని 2020లో ఆ సంస్థ సవరించిన లెక్క చెప్పుచున్నది. నాలుగువందల గ్రాముల బియ్యమున ముప్పదికి దగ్గరగా, అరువది గ్రాముల కందిపప్పున పదమూడు, గుప్పెడు వేరుశనగలలో ఏడు. లెక్క సరిపోయినది, తినువారికి కోడిగ్రుడ్డు ఒకటి మరి ఆరు గ్రాములు కలుపును. బియ్యమున కొరవడిన లైసిన్ పప్పులో నున్నది గనుక, పప్పన్నము ఒకదాని లోటును మరియొకటి తీర్చు కూడిక. ఆకుకూరపై నిమ్మరసము పిండుకొన్నచో అందలి యినుము శరీరమునకు మరింత పట్టును. భోజనము చేసిన వెంటనే తేనీరు త్రాగినచో ఆ యినుము పట్టుట తగ్గును. విద్యార్థులారా! ఆ తేనీటిని ఒక గంట వెనుకకు జరుపుడు. దీనికి ఖర్చేమియు లేదు.

ఆడపిల్లల విషయమున ఇది మరింత తీవ్రము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో రక్తహీనత తెలంగాణమున నూటికి 57.6, ఆంధ్రప్రదేశమున 58.8 అని తేలినది. ఇంట కడపట తినుటకు అలవాటుపడిన పిల్ల, గదిలోను కడపటనే తినును. మగపిల్లలకు వంట నేర్పుడు. ఆడపిల్లలకు ముందు వడ్డించుడు అని తల్లులను వేడుచున్నాను. వంటవలన చదువు చెడునని కొందరు తండ్రుల వాదము. నలుగురు వంతులు వేసికొన్నచో, ఒక్కొక్కనికి నాలుగు దినములకొక దినము గంటసేపు పని. అంతకంటె హెచ్చుకాలము హోటలు బల్లల కడ పోవును.

పోషక మహాశయులకు నా మనవి యొక్కటి. మీరిచ్చు విద్యార్థివేతనములు దొడ్డవి. కాని అవి చేరుసరికి దీపావళి యగుచున్నది. పిల్లలు నగరమునకు వచ్చునది ఆషాఢమున. ఆ మూడు నాలుగు నెలలలోనే “నాకు ఆకలి లేదు” అను మాట అలవడును. గాన వేతనములో కొంత భాగమును మొదటనే వస్తురూపమున నిండు: గదికొక ప్రెషరు కుక్కరు, ఐదు కిలోల కందిపప్పు, రెండు కిలోల వేరుశనగలు. మన వసతిగృహమున అంతస్తునకొక వంటగది తెరచి, గదులు దొరకక బయటనున్న మన పిల్లలకును అందు సాయంకాలము ప్రవేశము కల్పింపుడు. నేడు వేదికపై మాకు కప్పిన శాలువల వెల ఎంతో నేనడుగను. వచ్చు సంవత్సరము నా వంతు శాలువను మాత్రము కుక్కరుగా మార్పింప ప్రార్థన.

కావలసిన పాత్రల పట్టికను, దినుసుల తూకములను వ్రాసి తెచ్చితిని. కార్యదర్శిగారికి అందజేయుచున్నాను. వెలలు వేయలేదు, అవి దినదినము మారుచుండును గాన, రైతుబజారునకు పోయి వ్రాసికొని వచ్చు పని మన విద్యార్థులకే అప్పగింపవచ్చును.