అధ్యాపకులకు సంఘం అవసరమా?

ప్రైవేటు కళాశాలల్లో పాఠాలు చెప్పే అయ్యలారా, అమ్మలారా! సంఘం పెట్టుకుంటే ఉద్యోగం పోతుందేమోనని జంకుతున్నారా? ఆ జంకు ఉత్తది కాదు. పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అయినా ఇది వినండి. అహమ్మదాబాదు ప్రైవేటు ప్రాథమిక ఉపాధ్యాయుల సంఘం గ్రాట్యుటీ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2004లో ఓడింది. ఆ సంగతి చూసుకోవలసింది శాసనకర్తలేనని తీర్పులో ఉంది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ వర్తింపజేసింది. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. ముందు అందరి నియామకపత్రాలు, జీతం చీటీలు ఒకచోట చేర్చండి. కోరికలు రాసి, అక్షరక్రమంలో సంతకాలు చేయండి. మొదట ఎవరు పెట్టారన్న ప్రశ్నే రాదు.